పది మీటర్ల అవతల

నక్షా అన్న మాట అరబ్బీ నుంచి వచ్చింది. హద్దు అరబ్బీ. కబ్జా అరబ్బీ. జిల్లా, తహసీలు, రైతు, అన్నీ అక్కడివే. దస్తావేజు, జమీను ఫార్సీవి. ఈ మాటలన్నీ తీసేసి, తన పొలం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఒక తెలుగు రైతును ఆఫీసులో చెప్పుకోమనండి చూద్దాం. నోరు పెగలదు. నేలను కొలిచే మాటల నిండా మేమున్నాం. కొలిచి గీసిన పటాల్లో మాత్రం మేం లేం. ఉన్నా, ఉన్నచోట లేం. పది మీటర్లు అటో ఇటో ఉన్నాం. ఆ పది మీటర్ల గురించే ఈ నాలుగు మాటలు.

మేమంటే మౌలాలి గుట్ట కింది బస్తీల వాళ్లం. మెకానిక్ షెడ్డులో పనిచేసేవాడొకడు. నాచారం ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాడొకడు. ప్రైవేటు బడిలో చదువు చెప్పే ఆమె ఒకరు. డిగ్రీ చదివే పిల్లలిద్దరు. మాలో షియాలున్నారు, సున్నీలున్నారు, ఒకామె దూదేకుల ఇంటి ఆడబిడ్డ. మమ్మల్ని కలిపింది మతం కాదు, రాజకీయం కాదు. మా బస్తీకి అంబులెన్సు దారి దొరకకపోవడం. ఫోనులో చూసుకుంటూ వచ్చిన డ్రైవరు రైలు పట్టాల అవతలే ఆగిపోయి, ‘లొకేషన్ ఇక్కడే చూపిస్తున్నది భాయ్’ అని గోలపెట్టడం. అతని ఫోను ప్రకారం మా ఇళ్లు లేవు. అక్కడ ఉన్నది ఖాళీ జాగా.

మౌలాలి అంటే మౌలా అలీ. గుట్ట పేరే ఊరి పేరయింది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో యాకూత్ అనే దర్బారు నౌకరుకు కలలో హజ్రత్ అలీ ఈ గుట్ట మీద కూర్చుని కనిపించారనీ, తెల్లారి ఎక్కి చూస్తే బండ మీద చెయ్యి గుర్తు కనిపించిందనీ చెప్పుకుంటారు. అది 1578 నాటి సంగతంటారు. ఏటా రజబ్ నెల 17న గుట్ట మీద జనం కిటకిటలాడతారు. ఆ జనంలో బొట్టు పెట్టుకున్న వాళ్లు, మొక్కు తీర్చుకునే వాళ్లు, సంటిపిల్లలను భుజాన వేసుకుని మెట్లెక్కే తల్లులు ఎందరో. గుట్ట పాదాన మహలఖా బాయి చందా సమాధి ఉంది. 1768లో పుట్టి 1824లో పోయిన ఉర్దూ కవయిత్రి. పక్కనే ఆమె తల్లి సమాధి. పాడుబడ్డ ఆ తోటను 2010-11లో బాగు చేశారు. వీళ్లందరికన్నా ముందు, పేరూ మతమూ తెలియని మనుషులు ఇనుప యుగంలో తమ చచ్చినవాళ్లను ఈ గుట్ట చుట్టూనే పూడ్చిపెట్టి రాళ్లు పేర్చారు. నిజాం కాలంలోనే ఆ సమాధులను తవ్వి చూశారు. ఇంత చరిత్ర ఉన్న నేల ఇది. కిందనున్న గల్లీలకు మాత్రం పటంలో గీత లేదు.

అప్పుడు మాలో ఒక పిల్లవాడు ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ గురించి చెప్పాడు. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ అనే అతను మొదలుపెట్టిన పని. పటాన్ని సర్కారో కంపెనీయో గీసి ఇవ్వడం కాదు, ఆ చోట బతికే జనమే గీసుకోవడం. ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. మేం విప్పి చూస్తే రైలు స్టేషనుంది. హౌసింగ్ బోర్డు కాలనీ ఉంది, దాని రోడ్లకు పేర్లు కూడా ఉన్నాయి. గుట్ట ఉంది. గుట్టకూ పట్టాలకూ మధ్య మేముండే చోట తెల్లకాగితం.

గీద్దాం అనుకున్నాం. ఫోను చేతబట్టుకుని, దారిని నమోదుచేసే యాప్ పెట్టుకుని, ఒక ఆదివారం పొద్దున అన్ని గల్లీలూ తిరిగాం. ఇంటికొచ్చి చూస్తే మా నడక గీత ఇళ్ల గోడల్లోంచి దూసుకుపోయింది. మసీదు వజూఖానా మీదుగా పోయింది. ఒకచోట మేం కదలకుండా చాయ్ తాగిన పది నిమిషాలకు ఫోను పిచ్చిగీతల ముద్ద గీసి పెట్టింది. ఇద్దరం పక్కపక్కన నడిచిన ఒకే గల్లీ రెండు గల్లీలుగా కనిపించింది. అబద్ధం చెప్పడానికి ఫోనుకేం పట్టింది? అది అబద్ధం చెప్పడం లేదు. దానికి తెలిసినంత చెబుతున్నది. ఎంత తెలుసో, ఎంత తెలియదో మనం తెలుసుకోవాలి.

మెరుపు కనిపించాక ఉరుము ఎంతసేపటికి వినపడిందో చూసి పిడుగు ఎంత దూరాన పడిందో మన పెద్దలు లెక్కగట్టేవాళ్లు. జీపీఎస్ కూడా అంతే. 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. ఒక్కొక్కటీ తన గడియారంలో టైమెంతో, తానెక్కడున్నదో చెబుతూ పోతుంది. ఆ కబురు చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి ఫోను దూరం లెక్కగడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే తానెక్కడున్నదో తేల్చుకుంటుంది. కబురు వచ్చేది వెలుగు వేగంతో. సెకనులో పది లక్షలో వంతు తేడా వచ్చిందంటే 300 మీటర్లు తప్పినట్టే. మొదట్లో అమెరికా సైన్యం తనకొక లెక్క, మిగతా లోకానికొక లెక్క పెట్టుకుంది. కావాలనే సంకేతాన్ని చెడగొట్టి వదిలేది. మామూలు జనానికి వంద మీటర్ల దాకా తప్పు చూపేది. 2000 మే నెల మొదట్లో ఆ చెడగొట్టడం ఆపేశారు. అంతకుముందయితే ఇట్లాంటి పటం జనం గీయగలిగేవాళ్లే కాదు. ఎవరికి ఎంత నిజం కనబడాలో పైనున్నవాడు నిర్ణయించడం ఆకాశంలో కూడా ఉందన్నమాట.

ఇప్పుడు ఆరుబయట, నెత్తిన ఆకాశం పూర్తిగా కనిపించేచోట మంచి ఫోను అయిదు మీటర్ల లోపు చెప్పగలదు. కానీ ఆరుబయట బతికేంత జాగా మాకెక్కడిది? మా గల్లీ వెడల్పే రెండు మీటర్లు. అటొక రెండంతస్తులు, ఇటొక రేకుల షెడ్డు. పైన చూస్తే ఆకాశం గుడ్డపీలికంత. గుట్ట కింద నిలబడితే సగం ఆకాశాన్ని రాయి మింగేస్తుంది. ఉపగ్రహాలన్నీ ఒక పక్కనే కనిపిస్తాయి. నలుగురు సాక్షులూ ఒకే వైపు నుంచి చూసి చెబితే సాక్ష్యం ఎట్లా ఉంటుందో లెక్కా అట్లాగే ఉంటుంది.

దానికితోడు ప్రతిధ్వని. గుట్ట వెనక బస్తీలో అజాన్ రెండుసార్లు వినపడుతుంది. ఒకటి మసీదు నుంచి నేరుగా, ఇంకొకటి బండకు తగిలి. కొత్తవాళ్లు ఆ రెండోది విని మసీదు గుట్ట మీద ఉందనుకుంటారు. ఫోనుదీ అదే గతి. ఉపగ్రహం కబురు రేకులకూ, బండకూ, అద్దాల మేడకూ తగిలి ఆలస్యంగా వస్తుంది. అది నేరుగా వచ్చిందనుకుని ఫోను మనల్ని గల్లీ అవతలికి జరిపేస్తుంది. ఉప్పల్‌లో మెట్రో కింద నడిచినా ఇంతే, నెత్తిన కాంక్రీటు కప్పు.

ఇంకో కారణం కంటికి కనిపించేది కాదు. భూమి పైన వందల కిలోమీటర్ల ఎత్తున విద్యుత్ కణాల పొర ఉంది. దాన్ని దాటి వచ్చేటప్పుడు కబురు కాస్త ఆలస్యమవుతుంది. మన దేశం అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గర కనుక ఇక్కడ ఆ పొర మరీ చంచలం. కొన్ని కాలాల్లో పొద్దుగూకాక అది చెదిరి సంకేతాలను చిందరవందర చేస్తుంది. మన ఉస్మానియా యూనివర్సిటీలో దీని మీద ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగాయి. మగ్రిబ్ తర్వాత నడిచిన గీత కంటే పొద్దున నడిచిన గీత మేలుగా రావడం మేమూ చూశాం.

‘మరి ఆకాశం నుంచి తీసిన బొమ్మ ఉందిగా, దాని మీద గీసెయ్యండి’ అన్నారు తెలిసినవాళ్లు. గీశాం. అక్కడా తకరారే. ఉపగ్రహం బొమ్మను భూమి మీద పరిచేటప్పుడు మొత్తం బొమ్మే కొన్ని మీటర్లు జరిగి ఉండొచ్చు. ఒక కంపెనీ బొమ్మ ఒకవైపు, ఇంకో కంపెనీ బొమ్మ ఇంకోవైపు. పైగా మాది గుట్ట. కెమెరా నెత్తిన నిలబడి చూడదు, ఓరగా చూస్తుంది. ఓరగా చూస్తే ఎత్తున్నది పక్కకు వాలినట్టు కనిపిస్తుంది. మినారు అడుగు ఒకచోట, కొన ఇంకోచోట. గుట్ట కొనను సరిగ్గా కూర్చోబెడితే కింది గల్లీలు జరుగుతాయి. గల్లీలను కూర్చోబెడితే గుట్ట మీది అషూర్‌ఖానా బండ అంచు దాటి గాల్లో నిలబడుతుంది.

పని చేయగా చేయగా మాకొక పద్ధతి కుదిరింది. మీ బస్తీలో మీరు గీసుకునేటప్పుడు అక్కరకొస్తుందని చెబుతున్నాం.

ఫోను తెరవగానే నడవకూడదు. ఆకాశం కనిపించేచోట రెండు మూడు నిమిషాలు నిలబడి, చుట్టూ కనిపించే నీలం వృత్తం చిన్నదయ్యేదాకా ఆగాలి. ఆ వృత్తం మీద చాలామంది చూపు నిలపరు, నడిమి చుక్కనే చూస్తారు. చుక్క ఫోను చేసే ఊహ. వృత్తం ఆ ఊహ ఎంత దూరం తప్పొచ్చో చెప్పే మాట. ఫోను జేబులో కాక చేతిలో ఉండాలి. ఒకే గల్లీ వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో, పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి నడవాలి. వేళ మారితే ఉపగ్రహాల వరస మారుతుంది, తప్పు కూడా మారుతుంది. అయిదారు గీతలు ఒకదాని మీద ఒకటి పరిస్తే నడుమ దారి కనిపిస్తుంది. వాటిలో దూరంగా పారిపోయిన గీతను పక్కన పెట్టాలి.

అయితే ఒక మెలిక. ఎన్నిసార్లు నడిచినా గుట్ట వైపు గల్లీలో గీతలన్నీ ఒకేవైపు జరిగాయి. ప్రతిసారీ ఒకే బండ నుంచి ప్రతిధ్వని వస్తుంటే వందసార్లు విన్నా తప్పే వింటాం. అందరూ ఒకే మాట చెబుతున్నారు కాబట్టి అది నిజమే అనుకోవద్దు. ఈ సంగతి ముస్లింలకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అట్లాంటిచోట ఫోనును వదిలేసి టేపు పట్టాం. ఆకాశం బాగా కనిపించే చౌరస్తాలో ఒక చోటును గట్టి చేసుకుని, అక్కడి నుంచి కొలుచుకుంటూ గల్లీలోకి పోయాం. మేస్త్రీ పని చేసే ఒక చాచా మాకు తోడొచ్చాడు. ‘ముందు మూల పట్టుకోవాలి బేటా, గోడ తర్వాత అదే వస్తది’ అన్నాడు. ఉపగ్రహం బొమ్మను కూడా ఇట్లాగే సరిచేశాం. నేలమట్టాన ఉన్న గుర్తులు, అంటే చౌరస్తా, కల్వర్టు, మైదానం మూల, వీటితో పోల్చి బొమ్మను జరుపుకున్నాం. మేడ కప్పులతో, గుట్ట కొనతో పోల్చలేదు. ఇంతకుముందు ఎవరైనా గీసిన గీత ఉంటే, మా ఒక్క గీత చూసుకుని దాన్ని జరపలేదు. వాళ్లూ నడిచే గీసి ఉంటారు. దేన్నిబట్టి గీశామో ప్రతిచోటా రాసిపెట్టాం. అనుమానం ఉన్నచోట ‘ఇది మళ్లీ చూడాలి’ అని గుర్తు పెట్టాం. 2018 నుంచి రెండు ఫ్రీక్వెన్సీల సంకేతాలు అందుకునే ఫోన్లు వచ్చాయి. వాటితో ప్రతిధ్వని బాధ కొంత తగ్గుతుంది. కానీ బస్తీలో అందరి చేతిలో ఉన్నవి పాత ఫోన్లే.

ఇదంతా పనితనం. అసలు కథ వేరే ఉంది.

గుర్తు కచ్చితంగా రావాలంటే కదలకుండా నిలబడాలి. అయిదు నిమిషాలు, పది నిమిషాలు ఫోను పట్టుకుని ఒకేచోట నిలబడాలి. మా పిల్లలు ఈ దేశంలో చేయకూడని పని ఏదైనా ఉందంటే అదే. ఒక సాయంత్రం మావాడు కబరస్తాన్ మూల దగ్గర నిలబడ్డాడు. బండి మీద ఇద్దరు వచ్చి ఆగారు. ‘ఏం ఫోటోలు తీస్తున్నవ్ రా?’ ‘ఫోటో కాదు సార్, మ్యాప్ కోసం పాయింట్ తీస్కుంటున్న.’ ‘మ్యాప్ నీకెందుకు? ఎవరు పంపిన్రు?’ ఆధార్ చూపించమన్నారు. పేరు చదివాక అప్పటిదాకా లేని ప్రశ్నలు పుట్టుకొచ్చాయి. ఫోను గంటసేపు వాళ్ల చేతిలోనే ఉంది. ఏమీ దొరకలేదు. ‘ఇట్లాంటివి పెట్టుకోకు’ అని చెప్పి పోయారు. మరుసటి వారం అదే మూలలో మాతో పనిచేసే ఒక హిందూ మిత్రుడు నిలబడ్డాడు. అరగంట నిలబడ్డా ఎవరూ ఆగలేదు. ఒకాయన మాత్రం ఆగి, ‘రోడ్డు వేస్తున్నరా సార్?’ అని ఆశగా అడిగాడట.

2021 ఫిబ్రవరి 15న కేంద్ర ప్రభుత్వం పటాల మీద నియమాలను సడలించింది. భారతీయులు పటం వివరాలు సేకరించడానికి ముందస్తు అనుమతులు అక్కర్లేదంది. మీటరు కన్నా సన్నని కొలతలు సేకరించకూడదన్న ఆంక్ష విదేశీ సంస్థలకే. చట్టం మమ్మల్ని భారతీయులంది. బండి మీద వచ్చినవాళ్లకు మాత్రం మేం భారతీయులమేనా అన్నది ఇంకా తేలలేదు. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుపోయిన మా పిల్లలెందరో నిర్దోషులుగా బయటికొచ్చారు. వాళ్ల పోయిన వయసు మాత్రం తిరిగి రాలేదు. అది తెలిసిన తల్లులు ఇప్పుడు, ‘మ్యాప్ వద్దు, ఏం వద్దు, ఇంట్ల కూర్చో బేటా’ అంటున్నారు. వాళ్లనేమంటాం? ఈసీఐఎల్ వైపు, ఎన్‌ఎఫ్‌సీ వైపు మేం ఫోను ఎత్తనే ఎత్తం. రైలు యార్డు దగ్గర ఆగం. ఇద్దరు కలిసి పోతాం, పొద్దున్నే పోతాం. ఇవి ఏ జీపీఎస్ పుస్తకంలోనూ రాయని జాగ్రత్తలు. మా గల్లీ గీతలు కాస్త వంకరగా ఉంటే అందుకు సగం కారణం ఉపగ్రహాలు, సగం కారణం ఇది. నిలబడాల్సిన చోట నిలబడలేక నడిచిపోతూ తీసిన గుర్తులవి.

మాకూ కొలతకూ ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. నమాజుకు మక్కా దిక్కు తెలియాలి. దానికి తామున్న ఊరెక్కడో, మక్కా ఎక్కడో లెక్కతో తేల్చాలి. అల్ బిరూనీ 1025లో ఊళ్ల స్థానాలు ఎట్లా నిర్ణయించాలో ఒక గ్రంథం పూర్తిచేశాడు. పంజాబులో నందనా కోట దగ్గర కొండెక్కి, దిగంతం ఎంత కిందికి వాలిందో కొలిచి, భూమి ఎంత పెద్దదో లెక్కగట్టాడు. మన నేలలోనూ ఇట్లాంటి పని జరిగింది. 1802లో మద్రాసు దగ్గర కొలత మొదలుపెట్టిన లాంబ్టన్, 1815లో నిజాం రాజ్యంలో బీదరు దగ్గరి దామరగిద్దలో ఆధార రేఖను కొలిచాడు. ఆ కొలతలను నమ్ముకుని దేశం పటాలు గీశారు. ఇప్పుడు ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల శిక్షణ సంస్థ ఉంది. హబ్సిగూడ దాటితే 1961లో పెట్టిన ఎన్‌జీఆర్‌ఐ ఉంది. దేశాన్ని కొలవడం నేర్పే చోటుకు మా బస్తీ కూతవేటు దూరం. బస్తీని కొలవడానికి మాత్రం మా పిల్లవాడి పగిలిన ఫోనే దిక్కు.

పాత పటాలు భూమి ఆకారానికి ఎవరెస్టు లెక్కను తీసుకున్నాయి. జీపీఎస్ తీసుకునేది వేరే లెక్క. పాత పటంలోని అంకెలను అట్లాగే జీపీఎస్‌లో కొడితే చోటు జరిగిపోతుంది. అప్పటి అమీను అబద్ధమాడలేదు, ఇప్పటి ఫోనూ అబద్ధమాడడం లేదు. రెంటికీ గజంబద్ద వేరు. ఈ చిన్న సంగతి తెలియక ఎన్ని హద్దు తగాదాలు వస్తాయో ఊహించుకోండి.

ఇక అసలు భయానికి వస్తాం. మౌలాలి నుంచి మక్కా నాలుగు వేల కిలోమీటర్ల పైచిలుకు. పది మీటర్లు అటూ ఇటూ జరిగినంత మాత్రాన కిబ్లా దిక్కు మారదు. దేవుడికి ఆ పది మీటర్లతో పనిలేదు. కానీ అదే పది మీటర్లు కబరస్తాన్ గోడను మార్చేస్తుంది. గోడ లోపలున్న మా తాతల సమాధులను గోడ బయట పెడుతుంది. గోడ బయటి కిరాణా కొట్టును లోపల పెడుతుంది.

2025లో వక్ఫు చట్టాన్ని సవరించారు. ఆ జూన్ 6న ‘ఉమీద్’ అనే పోర్టల్ తెరిచి, దేశంలోని ప్రతి వక్ఫు ఆస్తినీ ఆరు నెలల్లో అందులో ఎక్కించమన్నారు. ఆస్తి ఎక్కడుందో జియోట్యాగు కూడా పెట్టమన్నారు. ఆ సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు చట్టంలోని కొన్ని అంశాలను నిలిపివేసింది గానీ ఎక్కించే పని ఆగలేదు. ఉమీద్ అంటే ఆశ. పేరు మా భాషలోదే పెట్టారు, షుక్రియా. మా ప్రశ్న ఒక్కటే. ఫోను పట్టుకుని ముతవల్లీ ఎక్కడ నిలబడాలి? గేటు దగ్గరా, నడుమనా? గుట్ట నీడలో నిలబడి తీసిన గుర్తు పక్కవాడి ఇంట్లో పడితే? ఫోను దశాంశం తర్వాత ఆరు అంకెలు చూపిస్తుంది. ఆరో అంకె విలువ పదకొండు సెంటీమీటర్లు. అయిదు మీటర్లకే గ్యారంటీ లేని ఫోను జానెడు లెక్క చెబుతుంటే చూసేవాడికి అది శిలాశాసనంలా కనిపిస్తుంది. రేపు ఎవడో ఆ అంకెలు పట్టుకుని, ‘మీ రికార్డు ప్రకారమే మీ కబరస్తాన్ ఇక్కడ లేదు’ అంటే? లేదా, ‘మీ మసీదు మా జాగాలో పడింది’ అంటే? కాగితాలు పోయి, తరతరాల వాడకం ఒక్కటే సాక్ష్యంగా మిగిలిన చోట్లు మాకు ఎన్నో. అట్లాంటిచోట ఒక తప్పు చుక్క ఉన్న సాక్ష్యాన్ని కూడా మింగేస్తుంది.

అందుకే మేం కబరస్తాన్‌ను చుక్కగా పెట్టలేదు. నాలుగు మూలలూ కొలిచి గీశాం. చుట్టూ ఉన్న గుర్తులతో కలిపి రాసుకున్నాం: తూర్పున నీళ్ల ట్యాంకు, పడమర పాత బావి, ఉత్తరాన రైలు గోడ, దక్షిణాన రస్తా. మన పాత దస్తావేజుల్లో చెక్‌బందీ రాసేది ఇట్లాగే కదా. నాలుగు దిక్కుల హద్దులు చెబితే మొత్తం జరిగినా లోపలి పొందిక చెడదు. జనం పటం కోర్టులో సాక్ష్యం కాదని మాకు తెలుసు. ఆ పని సర్వేయరుది. కానీ సర్వేయరు వచ్చేదాకా, ఇక్కడ ఒక కబరస్తాన్ ఉందని లోకానికి తెలియాలా వద్దా?

తెలియాలా వద్దా అన్నదాని మీద మాలో మాకే పెద్ద వాదన నడిచింది. 2002లో గుజరాత్‌లో దాడులకు వచ్చినవాళ్ల చేతుల్లో ముస్లింల ఇళ్ల, దుకాణాల జాబితాలున్నాయని నివేదికలు రాశాయి. ‘మన చిరునామా మనమే రాసిస్తామా?’ అని ఒకరన్నారు. ‘పటంలో లేకపోతే బతికిపోతామా? అంబులెన్సుకు కనిపించనివాళ్లం బుల్‌డోజరుకు మాత్రం కనిపించమా?’ అని ఇంకొకరన్నారు. చివరికి ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. దారులు, నల్లాలు, బడులు, దవాఖానాలు, ప్రార్థనా స్థలాలు, కబరస్తాన్లు గీస్తాం. ఎవరి ఇల్లు ఏదో రాయం. ఏ ఇంటికీ మతం రాయం.

పేర్ల దగ్గర ఇంకో రగడ. గుట్ట మీద ఉన్నదాన్ని ఏమని రాయాలి? అందరూ దర్గా అంటారు. కానీ అక్కడ సమాధి లేదు. హజ్రత్ అలీ సమాధి ఇరాక్‌లో నజఫ్‌లో ఉంది. మసీదు కాదు, దర్గా కాదు. ఎక్కడో గీసిన జాబితాలో మా దక్కనీ అషూర్‌ఖానాకు గడి లేదు. అలావా గుంటకు గడి లేదు. ఊరూరా అన్ని కులాలూ కలిసి పీర్లనెత్తుకునే చావిడికి గడి లేదు. ‘ముస్లిం ప్రార్థనా స్థలం’ అనే ఒక్క డబ్బాలో అన్నిటినీ కుక్కమంటుంది. మమ్మల్నీ అట్లా ఒక్క డబ్బాలో కుక్కినవాళ్లు బయటే కాదు, లోపలా ఉన్నారు. ‘పీర్లు ఇస్లాం కాదు, అవెందుకు రాయడం’ అన్నవాళ్లు మా మధ్యనే లేచారు. మా దూదేకుల ఆడబిడ్డ అడిగింది: ‘మసీదులన్నీ గీశారు. మా ఆడవాళ్లం పొద్దున్నే క్యూ కట్టే బోరింగు గీశారా? బీడీల కార్ఖానా గీశారా? పిల్లలకు సూదులేసే అంగన్‌వాడీ గీశారా?’ ఆమె చెప్పినవన్నీ ఎక్కించాం. పీర్ల చావిడి ఎక్కించాం. పేర్లు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాశాం. పక్క కాలనీవాళ్లు మా గల్లీని పిలిచే తిట్టుపేరు మాత్రం రాయలేదు. మేం పిలుచుకునే పేరే రాశాం.

ఇప్పుడు ఆ తెల్లకాగితం మీద గీతలున్నాయి. కొన్ని అయిదు మీటర్లు, కొన్ని పది మీటర్లు తప్పి ఉంటాయి. దాచిపెట్టే పని లేదు, ఎక్కడ అనుమానమో మేమే రాసిపెట్టాం. సర్కారు గీసిన పటాల్లో మా విషయంలో ఎంత తప్పుందో ఎవరైనా ఇట్లా రాసిపెట్టారా? మా జనాభా గురించి, మా దేశభక్తి గురించి, మా పెళ్లిళ్ల గురించి చుక్క పెట్టి చెప్పేవాళ్లు ఎన్నడైనా ఆ చుక్క చుట్టూ వృత్తం గీశారా?

చదివే మీలో ముస్లింలుంటే మీ బస్తీలో మూడు నాలుగుసార్లు నడవండి. ఆడవాళ్లను వెంటబెట్టుకుని నడవండి, వాళ్లకు తెలిసిన దారులు మగవాళ్లకు తెలియవు. ముస్లిమేతర మిత్రులుంటే మీతో మాకు ఇంకా పెద్ద పని ఉంది. కబరస్తాన్ మూల దగ్గర, గుట్ట నీడన, పది నిమిషాలు కదలకుండా నిలబడే మనుషులు కావాలి. మిమ్మల్ని ఎవరూ పేరడగరు. పొద్దున ఏడింటికి రండి. టేపు మా దగ్గరుంది, చాయ్ మాది.